చూసి దిద్దుకునే విద్య

1955-56లో కలకత్తా శివారు బరానగర్‌లోని భారతీయ గణాంక సంస్థకు ఒక అతిథి ఆచార్యుడు వచ్చాడు. భారీ కాయం, పిల్లిగడ్డం, దళసరి కళ్లద్దాలు. పేరు నోర్బర్ట్ వీనర్. అంతకు ఏడేళ్ల కిందట వెలువడిన ఆయన ‘సైబర్నెటిక్స్’ గ్రంథం పశ్చిమ దేశాల్లో పండితుల నోళ్లలోనూ పత్రికల్లోనూ నానుతున్న రోజులవి. ఓడ చుక్కాని పట్టేవాడికి గ్రీకులో ఉన్న పేరును తీసుకుని ఆయన ఆ మాట కట్టాడు. మన కావ్యభాషలో అతడు కర్ణధారుడు. వీనర్ అడుగుపెట్టిన ఆ ఆవరణలోనే మన తెలుగువారు కలియంపూడి రాధాకృష్ణారావు, లోకమంతా సి.ఆర్.రావుగా ఎరిగిన ఆయన, గణాంక సిద్ధాంత విభాగాన్ని నడుపుతున్నారు. దేశానికి వచ్చిన తొలి డిజిటల్ కంప్యూటర్ ఆ రోజుల్లోనే అక్కడికి చేరింది. మరికొద్ది కాలానికి మద్రాసు నుంచి కె.ఆర్.పార్థసారథి అనే కుర్రవాడు రావుగారి శిష్యరికానికి వచ్చాడు. ఒకరు నియంత్రణ శాస్త్రానికి కొత్త పేరు పెట్టినవారు, ఒకరు కొలతకు హద్దు గీసినవారు, ఒకరు ముప్పై ఏళ్ల తర్వాత ఆ లెక్కల్ని క్వాంటమ్ లోకంలోకి మోసుకెళ్లబోయేవారు. ఈ మూడు తోవలూ ఎక్కడ కలుస్తాయో ఆ రోజు అక్కడ ఎవరూ ఊహించి ఉండరు.

ఇవాళ ఏ పెద్ద విశ్వవిద్యాలయానికి వెళ్లినా కంట్రోల్ ఇంజనీరింగ్ ఒక భవనంలో, క్వాంటమ్ కంప్యూటింగ్ ఇంకో భవనంలో, డిజిటల్ మీడియా అధ్యయనం రోడ్డుకు అవతల సామాజిక శాస్త్రాల వాకిట్లో ఉంటాయి. ఒకరి సెమినార్‌కు మరొకరు పోరు. ఎవరి పరిభాష వారిది, ఎవరి పత్రికలు వారివి. అయినా వంశవృక్షం తిరగేస్తే ఈ మూడూ ఒకే ఇంటి బిడ్డలని తేలుతుంది. ఆ ఇంటి వృత్తి ఒక్కటే: చూడటం, తప్పు తెలుసుకోవడం, దిద్దుకోవడం. తరాలు మారినకొద్దీ మారింది చూపు ఖరీదు. ఆవిరి యంత్రం దగ్గర చూడటం ఉచితమనుకున్నాం. టెలిఫోను తీగ దగ్గరికి వచ్చేసరికి చూపులో మసక ఉంటుందని ఒప్పుకున్నాం. పరమాణువు దగ్గర చూస్తే చాలు వస్తువే మారిపోతుందని తెలిసింది. చివరికి మనిషిని చూడబోతే, ఆ మనిషి కూడా తిరిగి మనకేసి చూశాడు.

మొదలు చాలా పాతది. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో టెసీబియస్ అనేవాడు నీటి గడియారంలో తేలే బెండు అమర్చి, నీరు పెరిగితే ధార దానంతటదే మూసుకునేలా చేశాడు. మన ఇళ్ల మీది ట్యాంకులో తేలే బంతి దానికి నేరుగా వారసురాలే. మన చెరువుల తూముల దగ్గర ఆ పని నీరుగంటి చేసేవాడు. మట్టం చూసి తూము ఎత్తడం, దించడం అతడి కొలువు. ఐరోపాలో ఆ నీరుగంటిని యంత్రంలోనే కూర్చోబెట్టిన ఘనత 1788లో జేమ్స్ వాట్‌కు దక్కింది. అప్పటికే పిండిమరల్లో వాడుకలో ఉన్న ఉపాయాన్ని ఆయన ఆవిరి యంత్రానికి తెచ్చి తగిలించాడు. తిరిగే కడ్డీకి వేలాడే రెండు ఇనుప గుండ్లు. వేగం పెరిగితే అవి ఎడంగా లేస్తాయి, ఆవిరి కవాటం మూసుకుంటుంది. వేగం తగ్గితే వాలతాయి, కవాటం తెరుచుకుంటుంది. దీన్ని గవర్నర్ అన్నారు. వీనర్ గ్రీకు మాటే లాటిన్ మీదుగా చేరిన రూపం ఇది. కనుక ఇద్దరి పేర్లకూ మూలం ఒకే చుక్కాని.

అయితే గవర్నర్లు మెరుగయ్యేకొద్దీ ఒక వింత జబ్బు బయటపడింది. నునుపుగా, చురుగ్గా చేసిన గవర్నర్ యంత్రాన్ని నిలకడగా ఉంచకపోగా ఒకసారి ఉరకలెత్తించి, ఒకసారి చతికిలబడేసేది. ఇంజనీర్లు దాన్ని ‘హంటింగ్’ అన్నారు. ఎర కోసం అటూ ఇటూ తచ్చాడే వేటకుక్కలా ఉంటుంది కాబట్టి. దిద్దుబాటు ఆలస్యంగా అందితే అది దిద్దుబాటు కాకుండా పోతుందన్న ఎరుక ఇక్కడే మొదలైంది. 1868లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో గవర్నర్ల మీద ఒక చిన్న వ్యాసం రాసి, ఏ యంత్రం నిలుస్తుంది, ఏది ఊగిపోతుంది అన్నది ఒక సమీకరణపు మూలాల్లో ఉందని తేల్చాడు. పెద్ద సమీకరణాలకు నియమం ఆయనకు దొరకలేదు. అది 1877లో ఎడ్వర్డ్ రౌత్‌కు దొరికింది. కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో మాక్స్‌వెల్‌ను రెండో స్థానానికి నెట్టిన సహాధ్యాయి ఆయనే కావడం చరిత్ర చేసిన చిలిపి పని. 1895లో జ్యూరిచ్‌లో హుర్విట్జ్ రౌత్ సంగతి ఎరగకుండానే, టర్బైన్ల ఇంజనీరు స్టొడోలా అడిగాడని మళ్లీ అదే తేల్చాడు. అంతకు మూడేళ్ల ముందు రష్యాలో ల్యాపునోవ్ ఇంకా లోతైన సిద్ధాంతం రాసి పెట్టాడు. పశ్చిమ దేశాలు దాన్ని మనసుపెట్టి చదవడానికి అరవై ఏళ్లకు పైగా పట్టింది. పరిశోధన లోకంలో వార్త అందడంలోనూ ఈ ఆలస్యపు జబ్బు ఉంది.

1922లో నికొలస్ మినోర్‌స్కీ అమెరికా యుద్ధనౌకకు తనంతట తానే దారి పట్టే ఏర్పాటు చేయడానికి ముందుగా అనుభవం పండిన చుక్కాని మనిషి ఏం చేస్తాడో గమనించాడు. మంచి కర్ణధారుడు దారి ఎంత తప్పిందో మాత్రమే చూడడు. ఎంతసేపటి నుంచి తప్పుతోందో గుర్తు పెట్టుకుంటాడు, ఎటు తప్పబోతోందో పసిగడతాడు. ఈ మూడింటినీ కలిపి కూడితే వచ్చేదే నేటి పరిశ్రమల్లో పి.ఐ.డి. కంట్రోలర్. సిమెంటు కొలిమి, పాల శుద్ధి కేంద్రం, బాయిలర్, ఎక్కడ చూసినా ఈనాటికీ పని చేస్తున్నది అదే. వందేళ్లలో దాన్ని తలదన్నే సిద్ధాంతాలు ఎన్నో వచ్చాయి. దాన్ని ఉద్యోగంలోంచి తీయించగలిగినది మాత్రం ఏదీ రాలేదు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదయం 1927 ఆగస్టు 2. హడ్సన్ నది దాటే ఫెర్రీ పడవ మీద బెల్ ప్రయోగశాలల కుర్ర ఇంజనీరు హెరాల్డ్ బ్లాక్ ఆఫీసుకు వెళ్తున్నాడు. ఖండం ఈ చివర నుంచి ఆ చివరకు మాట పంపాలంటే తీగ పొడవునా ఎన్నో ఆంప్లిఫయర్లు కావాలి. ఒక్కొక్కటీ గొంతును కొంచెం పెంచి, కొంచెం పాడు చేసి వదిలేది. కొన్ని దాటేసరికి మాట గరగర అయిపోయేది. ఏళ్ల తరబడి తలబద్దలు కొట్టుకున్న బ్లాక్‌కు ఆ పడవలో తట్టింది: బయటికొచ్చిన శబ్దంలో కొంత వెనక్కి తెచ్చి, తిరగేసి, లోపలికి పోయేదాంట్లోంచి తీసివేస్తే? పెంపు చాలావరకు పోతుంది కాని, దానితో పాటు వంకరా పోతుంది. చేతిలో ఉన్న న్యూయార్క్ టైమ్స్ పేజీ మీద ఖాళీ జాగాలో బొమ్మ గీశాడు, సమీకరణం రాశాడు. కష్టపడి సంపాదించిన పెంపును చేజేతులా వదులుకోవడమేమిటని పెద్దలు నమ్మలేదు; పేటెంట్ చేతికి రావడానికి తొమ్మిదేళ్లు పట్టింది. పెళ్లి పందిట్లో మైకు స్పీకరుకు దగ్గరైతే చెవులు చిల్లులు పడేలా కూస్తుంది కదా, అదీ ఫీడ్‌బ్యాకే. గుర్తు తిరగబడితే అదే వలయం ఊళను మౌనంగా, మౌనాన్ని స్పష్టతగా మారుస్తుంది. బ్లాక్ చేసినది ఆ కూడికను తీసివేతగా మార్చడం. అది ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు మళ్లీ కూస్తుందో 1932లో హారీ నైక్విస్ట్ గీత గీసి చూపాడు. ఆ తర్వాత హెండ్రిక్ బోడె దాన్ని ఇంజనీర్లు బల్ల మీద వేసుకోగల లెక్కగా మలిచాడు. ముగ్గురూ ఒకే సంస్థ జీతగాళ్లు. ఆ సంస్థ పేరు ఈ కథలో మళ్లీ మళ్లీ వస్తుంది.

యుద్ధం వచ్చింది. ఆకాశంలో దూసుకుపోయే విమానం మరికొన్ని క్షణాలకు ఎక్కడుంటుందో మసక రాడార్ చూపు ఆధారంగా అంచనా కట్టమన్న పని వీనర్‌కు పడింది. ఆ అంచనా యుద్ధంలో పెద్దగా పనికి రాకపోయినా, గోలలోంచి గుర్తును వేరుచేసే గణితం పుట్టుకొచ్చింది. సరిగ్గా ఆ కాలంలోనే, 1945లో, పాతికేళ్లు నిండీ నిండని సి.ఆర్.రావు కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక వ్యాసం అచ్చు వేశారు. ఎంత తెలివిగా లెక్క కట్టినా సరే, చేతిలో ఉన్న ఆధారాల్లో దాగిన సమాచారాన్ని మించి అంచనా పదునెక్కదని, ఆ పదునుకు ఒక కనీసపు హద్దు ఉందని అందులో చూపారు. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామెర్ కూడా విడిగా అక్కడికే చేరడంతో ప్రపంచం దాన్ని క్రామెర్-రావు హద్దు అంటుంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదివి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఏ. పుచ్చుకున్న మనిషి గీసిన ఆ గీతను రాడార్ ఇంజనీరు నుంచి క్వాంటమ్ శాస్త్రజ్ఞుడి దాకా ఎవరూ దాటలేదు. ఇక 1948 వీనర్ గ్రంథంతో పాటు క్లాడ్ షానన్ వ్యాసం వచ్చిన ఏడాది. బెల్ వారి సాంకేతిక పత్రికలో రెండు దఫాలుగా వచ్చిన ఆ వ్యాసం సమాచారాన్ని తూచడానికి ‘బిట్’ అనే పడికట్టు ఇచ్చింది. మాట అర్థం ఏదన్నది ఇంజనీరుకు అనవసరమని షానన్ మొదట్లోనే పక్కన పెట్టేశాడు. ఆ ఒక్క వాక్యానికి మీడియా పండితులు ఆయన్ను డెబ్బై ఏళ్లుగా దుయ్యబడుతూనే ఉన్నారు.

1960లో మాస్కోలో జరిగిన ఆటోమేటిక్ కంట్రోల్ తొలి ప్రపంచ మహాసభ మరో మలుపు. ప్రచ్ఛన్న యుద్ధం మధ్యలో ఇరుపక్షాల వారూ ఒకే పందిరి కింద కూర్చున్నారు. చిన్ననాడే చూపు పోగొట్టుకున్న పొంత్రియాగిన్, తల్లి పుస్తకాలు చదివి వినిపిస్తే గణితం నేర్చినవాడు, అతి తక్కువ ఖర్చుతో గమ్యం చేరే దారిని కనిపెట్టే సూత్రం చెప్పాడు. అదే పనిని అమెరికాలో బెల్‌మన్ వెనక నుంచి ముందుకు లెక్కవేసే పద్ధతిలో సాధించాడు. హంగరీ నుంచి వలస వచ్చిన రుడాల్ఫ్ కాల్మన్ ఆ ఏడాదే మెకానికల్ ఇంజనీర్ల పత్రికలో ఒక వడపోత సూత్రం ప్రచురించాడు. పాత అంచనా, కొత్త కొలత, రెండింటిలో దేన్ని ఎంత నమ్మాలో తూచి కలపడం, మళ్లీ అదే చేయడం. గతమంతా గుర్తు పెట్టుకోనక్కర్లేదు. కేవలం 2,048 మాటల చెరిపి రాసే జ్ఞాపకశక్తి ఉన్న అపోలో కంప్యూటర్‌కు ఇది వరంగా దొరికింది. నాసాలో స్టాన్లీ ష్మిట్ దాన్ని అంతరిక్ష ప్రయాణానికి తగినట్టు మలిచాడు. లెక్క సరళంగా, గోల మర్యాదగా ఉన్నచోట కాల్మన్ వడపోత సరిగ్గా రావుగారు గీసిన గీత దాకా వెళ్లి ఆగుతుంది.

మన తీరంలో ఈ విద్యకు పరీక్ష శ్రీహరికోటలో జరిగింది. 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్.ఎల్.వి.-3 రాకెట్ రెండో దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడంతో అదుపు తప్పి, 317 సెకన్లకు బంగాళాఖాతంలో కూలింది. కౌంట్‌డౌన్‌లో కంప్యూటర్ ఆగమని హెచ్చరించినా నిపుణుల మాట మీద ముందుకు వెళ్లానని ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలామ్ తర్వాత ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఇటు సిద్ధాంత రంగంలో, గుంటూరులో పుట్టి అమెరికాలో చదివిన మాతుకుమల్లి విద్యాసాగర్ వ్యవస్థల నిలకడ మీద పుస్తకాలు రాసి, బెంగళూరులో రక్షణ పరిశోధన సంస్థ వారి కృత్రిమ మేధ, రోబోటిక్స్ కేంద్రానికి తొలి డైరెక్టరై, ఆ తర్వాత హైదరాబాదుకు వచ్చి, 2012లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన తరం మోసిన ప్రశ్న దృఢత్వం: మనం గీసుకున్న నమూనాకూ నిజ యంత్రానికీ తేడా ఉంటే దిద్దుబాటు ఎంతవరకు తట్టుకుంటుంది? 1978లో జాన్ డాయిల్ అనే యువకుడు, కాల్మన్ తరహా ఆప్టిమల్ నియంత్రణకు గ్యారంటీ ఉన్న భద్రతా మార్జిన్లెన్ని అని శీర్షికలో ఊరించి, సారాంశంలో ఒక్కటీ లేదని మూడే మూడు ఇంగ్లీషు మాటల్లో తేల్చాడు. అంత పొట్టి సారాంశంతో ఇంత పెద్ద శాఖను ఆత్మపరీక్షలోకి నెట్టిన వ్యాసం మరొకటి నేనెరగను.

క్వాంటమ్ కంప్యూటింగ్ కథ ఇక్కడికి సమాంతరంగా, మొదట పిల్లకాలువలా సాగింది. 1961లో రోల్ఫ్ లాండవర్ ఒక బిట్‌ను చెరిపేయడానికి కనీసం కొంత వేడి ఖర్చవుతుందని చెప్పి సమాచారాన్ని భౌతికశాస్త్రం గడపలోకి తెచ్చాడు. 1977లో బైద్యనాథ్ మిశ్రా, ఇ.సి.జి.సుదర్శన్ ఇంకో విడ్డూరం రాశారు: క్షీణించాల్సిన కణాన్ని ఎడతెగకుండా చూస్తూనే ఉంటే అది క్షీణించదు. పొయ్యి మీది పాలు మనం కళ్లు తిప్పగానే పొంగుతాయని మన ఇళ్లలో అనుకునే మాట ఆ లోకంలో గణిత సిద్ధాంతం. మాస్కోలో మానిన్, అమెరికాలో బెనియాఫ్ 1980లో క్వాంటమ్ యంత్రపు ఊహను తాకారు. మరుసటి ఏడాది మసాచుసెట్స్ సభలో రిచర్డ్ ఫైన్‌మన్ ప్రకృతిని అనుకరించాలంటే ప్రకృతి మాదిరి కంప్యూటరే కావాలని ప్రసంగించాడు. 1985లో డేవిడ్ డాయిచ్ ఆ యంత్రానికి కచ్చితమైన నిర్వచనం ఇచ్చాడు. అచ్చైనది నూట పదిహేడేళ్ల కిందట మాక్స్‌వెల్ గవర్నర్లు అచ్చైన ఆ ప్రొసీడింగ్స్‌లోనే. ఈ మధ్యలో, 1984 డిసెంబరులో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ సదస్సులో చార్లెస్ బెనెట్, జిల్ బ్రసార్ ఒక వ్యాసం సమర్పించారు. చాటుగా చూసినవాడి చూపే గుర్తు వదులుతుంది కాబట్టి దొంగను పట్టుకోవచ్చు, అదే రహస్య లిపికి కాపలా అన్నారు. చూపు ఖరీదును నష్టంగా కాక రక్షణగా వాడుకున్న మొదటి పెద్ద ఆలోచన మన గడ్డ మీదే అచ్చుకెక్కిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాలకు ఇంకా ఎక్కాల్సి ఉంది.

1994లో, మళ్లీ ఆ బెల్ ప్రయోగశాలల్లోనే, పీటర్ షోర్ పెద్ద సంఖ్యల్ని కారణాంకాలుగా విడగొట్టే క్వాంటమ్ పద్ధతి కనుక్కోవడంతో పిల్లకాలువ నది అయింది. రెండేళ్లకు అక్కడే, ఐ.ఐ.టి. ఢిల్లీలో చదివిన లవ్ గ్రోవర్ వెతుకులాటకు వేగం తెచ్చాడు. కాని క్వాంటమ్ బిట్లు, అంటే క్యూబిట్లు, సున్నితమైనవి. పాడైతే చూసి దిద్దుదామంటే చూడగానే లోపలి స్థితి చెదిరిపోతుంది. ఇది జరిగే పని కాదన్నవారు చాలామంది. 1995లో షోరే దారి చూపాడు: ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిదింటిలో పరిచి, ఏదీ ‘నువ్వేమిటి’ అని అడగకుండా, ‘మీరిద్దరూ ఒకలాగే ఉన్నారా’ అని మాత్రం అడగాలి. జవాబు వారి గుట్టు విప్పదు, తప్పు ఎక్కడుందో మాత్రం చెబుతుంది. వాట్ గుండ్ల నుంచి రెండు వందల ఏళ్ల దిద్దుబాటు విద్యలో ఇంత నాజూకైన చూపు ఇంకొకటి లేదంటాను.

ఇక్కడే కలకత్తా శిష్యరికం ఫలించింది. 1984లో పార్థసారథి, ఇంగ్లండులోని నాటింగ్‌హాం గణితవేత్త రాబిన్ హడ్సన్ కలిసి, యాదృచ్ఛిక మార్పులకు వాడే కలనగణితాన్ని క్వాంటమ్ లోకానికి అనువుగా తిరగ రాశారు. రష్యన్ వ్యాచెస్లావ్ బెలావ్‌కిన్ చేతిలో ఆ తరహా గణితం క్వాంటమ్ వడపోత అయింది. అంటే కాల్మన్ చేసిన పనికి, చూపు ధర కూడా లెక్కలో కలిసిన రూపం. రావుగారి హద్దుకు కూడా 1967లోనే కార్ల్ హెల్‌స్ట్రోమ్ క్వాంటమ్ రూపం ఇచ్చాడు. 2011లో పారిస్‌లో సెర్జ్ హరోష్ బృందం అద్దాల పేటికలో చిక్కిన కాంతి కణాల సంఖ్యను పరమాణువులతో సున్నితంగా తడిమి, చెదిరినప్పుడల్లా దిద్ది నిలబెట్టింది. గవర్నర్ గుండ్లు ఫోటాన్ల దాకా వచ్చేశాయి. మరుసటి ఏడాది ఆయనకు నోబెల్ వచ్చింది. 2019లో గూగుల్ వారి 53 క్యూబిట్ల చిప్ 200 సెకన్లలో చేసిన లెక్కకు సూపర్ కంప్యూటర్‌కు 10,000 ఏళ్లు పడుతుందన్న ప్రకటనను ఐ.బి.ఎం. వారు రెండున్నర రోజులు చాలని తోసిపుచ్చారు. ఆ ఆర్భాటం కన్నా 2024 డిసెంబరులో గూగుల్ వారి 105 క్యూబిట్ల విల్లో చిప్ మీద తేలిన విషయం గట్టిది: దిద్దుబాటు అల్లిక పెద్దదయ్యేకొద్దీ తప్పులు పెరగకుండా, ఒక్కో మెట్టుకు సగానికి పైగా తగ్గాయి. మన దేశం 2023 ఏప్రిల్‌లో 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటమ్ మిషన్‌ను ఆమోదించింది. 2025లో అమరావతిలో 156 క్యూబిట్ల ప్రాసెసర్‌తో క్వాంటమ్ వ్యాలీ కోసం ఒప్పందం కుదిరింది. యంత్రం తెచ్చుకోవడం సులువు. దాని తప్పుల్ని దిద్దే గణితం తెలిసిన పాతికమంది పిల్లల్ని తయారు చేసుకోవడం అంతకన్నా ఎక్కువ కాలం తీసుకునే పని.

మీడియా అధ్యయనం ఈ ఇంట్లో పెంపుడు బిడ్డలాంటిది. పుట్టింటి ముచ్చట ఎత్తితే దానికి అంతగా నచ్చదు. 1950ల్లో విల్బర్ ష్రామ్ షానన్ వ్యాసంలోని సమాచార ప్రసారపు బొమ్మను తీసుకుని, వినేవాడి నుంచి చెప్పేవాడికి తిరిగి వచ్చే బాణం గీసి, ఫీడ్‌బ్యాక్ అన్న మాటను పాత్రికేయ కళాశాలలకు పరిచయం చేశాడు. కెనడాలో హెరాల్డ్ ఇన్నిస్ సామ్రాజ్యాలు రాతి మీద నిలిచాయా, కాగితం మీద వ్యాపించాయా అన్న ప్రశ్న వేస్తే, ఆయన బాటన వచ్చిన మార్షల్ మెక్‌లూహన్ 1964 నాటి గ్రంథంతో సినిమా తార అంత పేరు పొందాడు. 1973లో బర్మింగ్‌హాంలో, జమైకాలో పుట్టిన స్టువర్ట్ హాల్ ఆ తీగల బొమ్మకే ఎదురు తిరిగాడు. సందేశం పంపినట్టే అందదు. చూసేవాడు తన బతుకులోంచి దాన్ని విప్పుకుంటాడు, ఒక్కోసారి ఎదురు అర్థం తీస్తాడు. ఇంజనీరు గోల అన్నది హాల్‌కు రాజకీయం అయింది.

ఈ వాదాలు అక్కడ పుస్తకాల్లో నడుస్తుండగా ఇక్కడ ఊళ్ల మధ్య ఒక మహా ప్రయోగం జరిగింది. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏ.టి.ఎస్.-6 ద్వారా ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. కోళ్లగూడుకు చుట్టే వల లాంటి తీగజాలితో చేసిన పదడుగుల గొడుగు యాంటెన్నా, బడి ముందు పెట్టె, చుట్టూ ఊరు. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యేవి. ‘సైట్’ పేరుతో సాగిన ఈ పనిలో మన పరిశోధకులు చేసిన గొప్ప సంగతి వేరే ఉంది. ప్రసారానికి ముందు, నడుమ, తర్వాత ఊళ్లలో సర్వేలు చేశారు. మానవశాస్త్రజ్ఞులు కొన్ని పల్లెల్లో నెలల తరబడి కాపురం ఉండి రాసుకున్నారు. ఆకాశం నుంచి దిగిన మాటకు నేల నుంచి తిరిగి వెళ్లే బాణం కోసం అంత శ్రద్ధగా వెతికిన దేశాలు అప్పటికి తక్కువ. మన మీడియా విభాగాల్లో ఆ నివేదికల్ని తీసి చదివించే అధ్యాపకులు ఇప్పుడు ఎందరున్నారో అనిపిస్తుంది.

డిజిటల్ అన్న విశేషణం చేరేసరికి పాత బంధుత్వం మళ్లీ బయటికొచ్చింది. 1986లో జేమ్స్ బెనిజర్ సమాచార సమాజమంటే ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపు చేయలేక పుట్టిన నియంత్రణ విప్లవమేనని వాదించాడు. 1997లో నార్వే పండితుడు ఎస్పెన్ ఆర్సెత్ పాఠకుడి చేతను బట్టి మారే రచనలకు ‘సైబర్‌టెక్స్ట్’ అని, వీనర్ మాటలోంచే పేరు తీశాడు. 2001లో లెవ్ మనోవిచ్ కొత్త మాధ్యమాల భాషను సినిమా చరిత్రతో కలిపి చదివాడు. వాటర్లూలో సిస్టమ్స్ డిజైన్ ఇంజనీరింగ్, ఇంగ్లీషు సాహిత్యం రెండూ చదివిన వెండీ చున్ 2006లో నియంత్రణ, స్వేచ్ఛ అనే జంటను తెర మీద పక్కపక్కన కూర్చోబెట్టింది. మన భాషకు మాత్రం అసలు తెర మీదికి రావడమే పోరాటం. 1991లో యూనికోడ్ తొలి రూపంలో తెలుగుకు చోటు దొరికింది. అంతకు ముందూ ఆ తర్వాత చాలాకాలమూ ప్రవాసాంధ్ర విద్యార్థులు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాసుకున్నారు. 1998లో ‘ఈమాట’ వెబ్ పత్రిక, 2003 చివర్లో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న ఒక్క అక్షరపు కూర్పు ఐఫోన్లను కుప్పకూల్చి ప్రపంచ వార్త అయింది. జ్ఞానంలోని అక్షరమే అలా చేసిందని నవ్వుకున్నాం గాని, ఒక లిపిని పరీక్షించకుండా యంత్రాలు ఎంత దూరం ప్రయాణించాయో ఆ వారంలో తెలిసింది.

2012లో యూట్యూబ్ ఎన్నిసార్లు నొక్కారన్న లెక్కను వెనక్కి నెట్టి, ఎంతసేపు చూశారన్న లెక్కను ముందుకు తెచ్చింది. చూసేవాడిని చూసి, వాడు నిలిచినదాన్నే మరికొంత వడ్డించే వలయం అది. బ్లాక్ భాషలో అది తీసివేత కాదు, కూడిక. మైకు, స్పీకరు దగ్గరైన స్థితి. 2014లో ఫేస్‌బుక్ పరిశోధకులు 6,89,003 మంది ఖాతాల్లో కనిపించే పోస్టుల్లో సంతోషాన్నో, విచారాన్నో తగ్గించి చూసి ఫలితం ప్రచురించినప్పుడు, వాళ్లనెవరు అడిగారని దుమారం లేచింది. మార్పు నిజానికి చాలా చిన్నది. కాని నీటి మట్టానికీ, ఫోటాన్‌కూ లేని ప్రశ్న అక్కడ తలెత్తింది. ఎవరికి నచ్చింది వారికే చూపే బుడగలో మనం చిక్కుకున్నామన్న భయానికి ఆధారాలు అంత బలంగా లేవని వాదించే పరిశోధకులూ ఉన్నారు. ఆ తగువు తీర్చాలంటే నియంత్రణ గణితం తెలిసినవాడూ, హాల్‌ను చదివినవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. ఇప్పుడిప్పుడే కొన్నిచోట్ల కూర్చుంటున్నారు.

కాలక్రమం కాస్త తప్పినా 2023కు ఒకసారి వెనక్కి వెళ్లాలి. ఆ ఏడాది జూన్ 14న పార్థసారథి కన్నుమూశారు. అదే ఏడాది 1945 నాటి వ్యాసానికి గుర్తింపుగా సి.ఆర్.రావుకు అంతర్జాతీయ గణాంక బహుమతి ప్రకటించారు. ఆగస్టు 22న అమెరికాలో, నూట రెండేళ్ల వయసులో ఆయన వెళ్లిపోయారు. మరునాటి సాయంత్రం, శ్రీహరికోట నుంచి జులై 14న బయల్దేరిన చంద్రయాన్-3 చంద్రుడి మీదికి దిగడం మొదలుపెట్టింది. 2019లో చంద్రయాన్-2 ల్యాండర్ ఇంజన్లు అనుకున్నదానికన్నా ఎక్కువ తోపు ఇవ్వడం, తప్పులు పోగుపడటం, వాటిని దిద్దుకునేంత చురుగ్గా తిరగలేకపోవడం వల్ల కూలిందని ఇస్రో వివరించింది. కనుక ఈసారి దిగే చోటును 500 మీటర్ల చదరం నుంచి నాలుగు కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు, కాళ్లు గట్టిపరిచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ పరికరం ఒకటి కొత్తగా చేర్చారు. ఎత్తు కొలిచే చూపులు, వేగం కొలిచే చూపులు, ఒక్కొక్కదాంట్లో కొంత మసక. దేన్ని ఎంత నమ్మాలో లోపలి కంప్యూటర్ క్షణక్షణం తూచుకుంటోంది. ఇక్కడి నుంచి ఎవరూ ఏమీ చెప్పే వీల్లేదు. ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఒకే సమయంలో 80 లక్షల మందికి పైగా చూస్తున్నారు. ఒక బడి హాలులో, ఒక బస్టాండులో, ఒక టీకొట్టు ముందు ఫోను చుట్టూ. తెర మీద ఎత్తు చూపే అంకె తగ్గుతూ, ఒకచోట కాసేపు ఆగి, మళ్లీ తగ్గుతూ వచ్చింది. సాయంత్రం 6 గంటల 4 నిమిషాలకు ఆ అంకె ఇక కదల్లేదు.